దొరకని పేజీకి సర్వరు చెప్పవలసిన జవాబు

(రాయగడలో తెలుగు విద్యార్థుల కోసం ఏర్పాటైన సాయంకాల సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసిన పాఠం ఇది.)

సభలోని పెద్దలకు నమస్కారం. గుణుపురం నుండి, పర్లాకిమిడి నుండి, సరిహద్దు దాటి పార్వతీపురం నుండి వచ్చిన విద్యార్థులందరికీ నా అభినందనలు. ఈ రోజు నేను ఒకే ఒక్క సంఖ్య గురించి మాట్లాడతాను. నాలుగు వందల నాలుగు. మనం అడిగిన పేజీ దొరకనప్పుడు సర్వరు, అంటే మన బ్రౌజరుకు పేజీలు పంపే వ్యవస్థ, చెప్పే సంఖ్య అది. మీలో ఈ సంఖ్యను తెర మీద చూడనివారు ఎవరైనా ఉన్నారా? ఎవరూ లేరు. మరి ఆ సంఖ్యను సర్వరు చేత ఎలా పలికించాలో, ఎప్పుడు పలికించకూడదో ఆలోచించినవారు ఎంతమంది? చేతులు తక్కువే లేచాయి. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు జరిగిన సంగతి ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట నేనొక సంస్థలో విద్యార్థుల దరఖాస్తులు తీసుకునే వెబ్ అప్లికేషన్ చూసుకునేవాణ్ణి. ఒక రోజు మధ్యాహ్నం ఇక్కడి బజారులో నెట్ సెంటర్ నడుపుకునే ఒకాయన నాకు ఫోను చేశాడు. "బాబూ, మీ సైటు ఎత్తేశారా? మునిగుడ వైపు పల్లె నుండి ఒక అమ్మాయి మొదటి బస్సుకి వచ్చింది. కరపత్రం మీద ఉన్న చిరునామానే కొట్టాను. ఏదో తెల్ల పేజీ వస్తోంది. సైటు లేదమ్మా అని చెప్పి పంపించేశాను" అన్నాడు. పంపించేశాను అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ సమయానికి మా సర్వరు బాగానే నడుస్తోంది. డేటాబేసు బాగానే ఉంది. దరఖాస్తుల గడువు ఇంకా రెండు రోజులుంది. మరి ఆ అమ్మాయి ఎందుకు వెనక్కి వెళ్లవలసి వచ్చింది?

ముందురోజు రాత్రి మేము అప్లికేషన్ కొత్త వెర్షన్ ఎక్కించాము. మాది టామ్‌క్యాట్ సర్వరు, జావాలో రాసిన వెబ్ అప్లికేషన్లను నడిపేది. టామ్‌క్యాట్‌లో మీరు ఎక్కించే వార్ ఫైలు, అంటే అప్లికేషన్ మొత్తాన్ని కట్టిన మూట, దాని పేరు ఏదైతే అదే చిరునామాలో భాగమవుతుంది. ఫైలు పేరు ఒకటి పాయింట్ సున్నాతో ముగిస్తే చిరునామాలోనూ ఒకటి పాయింట్ సున్నా ఉంటుంది. కోడు నుండి ఆ ఫైలును తయారు చేసే మా బిల్డు ఆ వెర్షన్ అంకెను తనంతట తానే తగిలిస్తుంది. బ్రౌజరులో కనిపించిన చిరునామాను ఎవరో ఉన్నదున్నట్టు కరపత్రంలోకి ఎక్కించారు. రాత్రి మేము ఒకటి పాయింట్ ఒకటి పెట్టి పాతది తీసేశాము. అంతే. అచ్చయి ఊరూరా పంచిన కరపత్రాలన్నీ ఆ రాత్రితో చెల్లని కాగితాలయ్యాయి. ఇంకో మాట గమనించండి. మా అప్లికేషన్ లోపల మేము 404 కోసం చక్కటి పేజీ తయారు చేసి పెట్టుకున్నాము. అది ఎందుకు రాలేదు? ఎందుకంటే ఆ పేజీ ఉన్నది కొత్త అప్లికేషన్ లోపల. పాత చిరునామాకు వచ్చిన మనిషి ఆ అప్లికేషన్ గడప దాకా రానేలేదు. ఆమెకు జవాబు చెప్పింది సర్వరు సొంత పేజీ. ఇంగ్లీషులో ఒక శీర్షిక, నాలుగు వాక్యాలు, అడుగున టామ్‌క్యాట్ వెర్షన్ అంకె. అంగడిలో కూర్చున్నవాడికి అందులో అర్థమైంది ఏమిటి? లేదు అన్న ఒక్క ముక్క.

ఆ లేదు అన్న ముక్క అసలు ఏం చెబుతుందో చూద్దాము. 404 వచ్చిందంటే కరెంటు ఉంది, నెట్టు ఉంది, సర్వరు దొరికింది, మీరు అడిగినది దానికి వినబడింది కూడా. వినబడి, ఈ చిరునామా దగ్గర నాకేమీ కనబడలేదు అని అది చెబుతోంది. సర్వరే దొరకకపోతే 404 రాదు, అప్పుడు మాట్లాడేది బ్రౌజరు. ఈ తేడా మీకు తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది. బ్రౌజరు, సర్వరు మాట్లాడుకునే నియమాలను హెచ్‌టీటీపీ అంటారు, ఇంటర్నెట్ నియమాల పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు. 1996లో ఆర్‌ఎఫ్‌సీ 1945గా వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనే ఈ సంఖ్య ఉంది. 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9110లోనూ అదే సంఖ్య, అదే అర్థం. ఆ పత్రంలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఈ లేమి తాత్కాలికమా శాశ్వతమా అన్నది 404 చెప్పదు. ఇక ఎప్పటికీ ఉండదు అని మీకు తెలిసి ఉంటే 410 అనే వేరే సంఖ్య చెప్పమంటుంది. నాలుగుతో మొదలయ్యే సంఖ్యలు అడిగినవాడి వైపు పొరపాటని, అయిదుతో మొదలయ్యేవి సర్వరు వైపు పొరపాటని మీ పుస్తకాల్లో చదువుకొని ఉంటారు. పరీక్షలో అలాగే రాయండి. కానీ నేను చూసిన 404లలో చాలావాటికి కారణం సర్వరు నడిపేవాళ్లమే. మనమే పేరు మార్చాము, మనమే తప్పు లింకు ఇచ్చాము, మనమే ఎక్కించడంలో పొరబడ్డాము.

టామ్‌క్యాట్ మీద కొత్తగా పనిచేసేవారిని గంటలకొద్దీ తిప్పే సంగతి ఒకటి చెప్పాలి. అప్లికేషన్ మొదలవుతున్నప్పుడే ఏదో దెబ్బ తగిలి ఆగిపోయిందనుకోండి. డేటాబేసు డ్రైవరు జతచేయలేదు, లేదా ఒక క్లాసు దొరకలేదు. అప్పుడు మీరు ఏ పేజీ అడిగినా ఏం వస్తుంది? సర్వరు వైపు పొరపాటును చెప్పే 500 వస్తుందని అనుకుంటాము. కాదు, 404 వస్తుంది. అప్లికేషనే లేవలేదు కాబట్టి ఆ చిరునామా దగ్గర ఏమీ లేదు. మీరేమో పేజీ పేరు సరిగ్గా రాశానా, ఫోల్డరు సరైనదేనా అని వెతుకుతూ కూర్చుంటారు. అన్ని పేజీలూ ఒక్కసారే 404 ఇస్తుంటే పేజీల పేర్లు చూడకండి, లాగ్ చూడండి, అంటే సర్వరు జరిగినదంతా రాసుకునే ఫైలు. కాటలీనా లాగ్, దాని పక్కనే తేదీతో ఉండే లోకల్‌హోస్ట్ లాగ్. అసలు కారణం అందులో ఉంటుంది.

అక్షరాల సంగతి కూడా చెబుతాను, ఇది మనవాళ్లకు ప్రత్యేకంగా తగులుతుంది. మన తెలుగులో గాని, ఒడియాలో గాని పెద్ద అక్షరం చిన్న అక్షరం అన్న భేదం లేదు. అందుకని ఇంగ్లీషు ఫైలు పేరులో మొదటి అక్షరం పెద్దదో చిన్నదో మన కంటికి వెంటనే ఆనదు. విండోస్ కంప్యూటరులో ఆ రెండూ ఒకే ఫైలు. అదే ఫైళ్లను లినక్స్ సర్వరు మీదికి తీసుకువెళితే అవి రెండు వేర్వేరు పేర్లు. ఇంట్లో బొమ్మలన్నీ కనబడ్డాయి, సర్వరు మీద ఒక్కటీ కనబడటం లేదు అని నా దగ్గరకు వచ్చిన విద్యార్థులలో చాలామందికి కారణం ఇదే. ఫైలు పేర్లన్నీ చిన్న అక్షరాలతోనే పెట్టుకోండి. అంతకు మించి దీనికి వైద్యం లేదు, అక్కరలేదు కూడా.

మన ఊర్ల పేర్లకు ఇంగ్లీషులో ఒక్క రాత లేదు. పర్లాకిమిడిని పర్లాకిమెడి అని రాసేవారున్నారు, పరలాఖెముండి అని రాసేవారున్నారు. బరంపురాన్ని బెర్హంపూర్ అంటారు, బ్రహ్మపుర్ అంటారు. 2011లో రాష్ట్రం పేరే ఒరిస్సా నుండి ఒడిశా అయింది. చిరునామాలో ఊరి పేరు పెట్టే అప్లికేషన్ రాస్తున్నప్పుడు వాడుకలో ఉన్న రాతలన్నిటినీ తీసుకొని ఒక్క సరైన చిరునామాకు మళ్లించాలి. మనిషి తన ఊరి పేరు తనకు అలవాటైన రాతలో కొడితే లేదు అని చెప్పడం న్యాయమేనా? న్యాయం కాదు.

సరే, పేరును ఇంగ్లీషులో కాక తెలుగులోనే చిరునామాలో పెడితే? పెట్టవచ్చు, నేను పెట్టమనే అంటాను. కానీ లోపల ఏం జరుగుతుందో తెలిసి పెట్టాలి. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి. రాయగడ అన్న పేరులో ర, దీర్ఘం, య, గ, డ అని అయిదు సంకేతాలు, అంటే పదిహేను బైట్లు. చిరునామాలో ఒక్కొక్క బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులవుతుంది కాబట్టి, ఆ చిన్న పేరు నలభై అయిదు గుర్తుల పొడుగుకు సాగుతుంది. తెలుగు అక్షరమైనా ఒడియా అక్షరమైనా మొదటి బైటు ఈ-సున్నానే (E0). రెండవ బైటు దగ్గర రెండు లిపులూ విడిపోతాయి. లాగ్‌లో ఈ-సున్నాలు వరుసగా కనిపిస్తే ఎవరో దాడి చేస్తున్నారని కంగారు పడకండి, ఎవరో మన భాషలో అడిగారన్నమాట. టామ్‌క్యాట్ 7 వరకు సర్వరు ఈ బైట్లను ఐఎస్ఓ 8859-1 అనే పడమటి లిపి పట్టికతో చదివేది. యూఆర్ఐ ఎన్‌కోడింగ్ అన్న అమరికను మనమే యూటీఎఫ్-8గా మార్చుకోవాలి. మార్చకపోతే ఫైలు ఉన్నా, పేరు సరిగ్గానే ఉన్నా 404 వచ్చేది. టామ్‌క్యాట్ 8 నుండి యూటీఎఫ్-8 దానంతట అదే ఉంటుంది. పాత సర్వర్లు ఇంకా నడుస్తున్న చోట ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు జవాబు ఎలా చెప్పించాలో చూద్దాము. జావా వెబ్ అప్లికేషన్‌లో వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలు ఉంటుంది. అందులో ఎర్రర్ పేజ్ అన్న అంశం కింద ఎర్రర్ కోడ్ 404 అని, లొకేషన్‌గా మీ పేజీ దారి అని రాస్తారు. ఆ దారి వాలు గీతతో మొదలవ్వాలి. ఇంతే రాత. కానీ పనితీరు తెలుసుకోవాలి. సర్వరు ఇక్కడ బ్రౌజరును వేరే చిరునామాకు పంపదు. తన లోపలే ఆ పేజీని పిలిచి, దాన్ని 404 సంఖ్యతోనే పంపిస్తుంది. బ్రౌజరు పైభాగంలో మనిషి కొట్టిన పాత చిరునామానే ఉంటుంది. దీని వలన ఒక మేలు, ఒక చిక్కు. మేలు ఏమిటంటే, మనిషి తాను కొట్టినది చూసుకొని దిద్దుకోగలడు. చిక్కు ఏమిటంటే, మీ పేజీలో స్టైలు ఫైలుకు గాని బొమ్మకు గాని పక్కనున్న ఫైలు అన్న పద్ధతిలో దారి ఇస్తే, బ్రౌజరు దాన్ని లేని చిరునామా పక్కన వెతుకుతుంది. అక్కడ అదీ ఉండదు. ఒక 404 కాస్తా నాలుగు 404లవుతాయి. కాబట్టి ఆ పేజీలో దారులన్నీ మొదటి నుండి పూర్తిగా రాయాలి, కాంటెక్స్ట్ పాత్‌తో, అంటే చిరునామాలో అప్లికేషన్ పేరున్న భాగంతో సహా.

మీ సొంత కోడులో, ఉదాహరణకు అడిగిన దరఖాస్తు సంఖ్య డేటాబేసులో లేనప్పుడు, జావాలోని సెండ్ ఎర్రర్ అన్న ఆదేశాన్ని పిలవాలి. సెట్ స్టేటస్ పిలిస్తే సంఖ్య మాత్రమే మారుతుంది, మీరు అమర్చిన ఎర్రర్ పేజీ రాదు. జవాబులో కొంత భాగం అప్పటికే బయటకు వెళ్లిపోయి ఉంటే సెండ్ ఎర్రర్ కూడా పనిచేయదు, ఎక్సెప్షన్ అనే లోపం విసురుతుంది. అందుకని ఉందో లేదో తేల్చుకోవడం మొదట, పేజీ రాయడం తరువాత. అడిగిన చిరునామా ఏదో ఎర్రర్ పేజీకి తెలియాలంటే సర్వరు దాన్ని ఒక గుణంగా అందిస్తుంది. పాత పాఠాల్లో ఆ గుణం పేరు జావాక్స్ అని మొదలవుతుంది, టామ్‌క్యాట్ 10 నుండి జకార్తా అని మొదలవుతుంది. పాత కోడు అలాగే అతికిస్తే ఖాళీ వస్తుంది. అంతేకాదు, ఆ చిరునామాను పేజీలో చూపించేటప్పుడు తప్పనిసరిగా ఎస్కేప్ చేయాలి, అంటే అందులోని గుర్తులు కోడుగా నడవకుండా మామూలు అక్షరాలుగానే కనబడేలా మార్చాలి. చేయకపోతే ఎవరైనా చిరునామాలోనే స్క్రిప్టు పెట్టి లింకు తయారు చేసి, మీ సైటు పేరు మీద దాన్ని నడిపించవచ్చు. మర్యాదగా చిరునామా చూపిద్దామనుకున్న పేజీయే దొంగకు తలుపు తీసినట్టవుతుంది.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచిన మాటకు వస్తున్నాను. సర్వరు జవాబును ఇద్దరు వింటారు. ఒకరు మనిషి, రెండవది యంత్రం. మనిషి వాక్యం చదువుతాడు. వెతికే యంత్రం, మొబైల్ అప్లికేషన్, మధ్యలో పేజీల నకళ్లు దాచుకునే క్యాషే సంఖ్యను చదువుతాయి. ఇద్దరికీ ఒకే నిజం చెప్పాలి. ఇద్దరికీ ఒకే నిజం. చాలామంది ఏం చేస్తున్నారంటే, అందమైన పేజీలో క్షమించండి, పేజీ దొరకలేదు అని రాసి, సంఖ్య మాత్రం 200 పంపుతున్నారు. 200 అంటే అంతా సవ్యంగా ఉందని అర్థం. దీన్నే గూగుల్ సాఫ్ట్ 404 అంటుంది. ఇలాంటివాటిని అది కొంతవరకు కనిపెడుతుంది గాని, కనిపెట్టే భారం దాని మీద పెట్టడం మన పని కాదు.

ఈ తప్పు తెలియకుండా కూడా జరుగుతుంది. అపాచీ అనే మరో సర్వరులో ఎర్రర్ డాక్యుమెంట్ అన్న ఆదేశానికి మీ సైటు లోపలి దారి ఇస్తే 404 పోతుంది. అక్కడే హెచ్‌టీటీపీతో మొదలయ్యే పూర్తి చిరునామా ఇస్తే, పేజీ మీదే అయినా సరే, అది రీడైరెక్టు, అంటే వేరే చిరునామాకు వెళ్లమన్న మళ్లింపు, పంపుతుంది. అడిగినవాడికి ముందు తాత్కాలిక మళ్లింపు సంఖ్య 302, తరువాత 200 అందుతాయి, 404 అందదు. ఎన్‌జిన్‌ఎక్స్ అనే సర్వరును టామ్‌క్యాట్ ముందు పెట్టినవారు ఇంకొకటి చూసుకోవాలి. వెనక సర్వరు పంపిన 404కు ముందు సర్వరు పేజీ రావాలంటే ప్రాక్సీ ఇంటర్‌సెప్ట్ ఎర్రర్స్ అన్నది ఆన్ చేయాలి, అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఏది అమర్చినా నమ్మకంతో వదిలేయకండి. టెర్మినల్‌లో కర్ల్ ఆదేశానికి -i జోడించి, లేని చిరునామా ఒకటి అడిగి, జవాబులో మొదటి పంక్తి చదవండి. అక్కడ 404 ఉంటేనే పని అయినట్టు.

లేని పేజీలన్నిటినీ మొదటి పేజీకి మళ్లిస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. వద్దు. ఫలానా రసీదు కోసం వచ్చినవాడు హఠాత్తుగా మొదటి పేజీలో తేలితే తనదే పొరపాటు అనుకొని మళ్లీ అదే కొడతాడు, మళ్లీ అక్కడికే వస్తాడు. లేదు అన్న నిజం కూడా అతనికి అందదు. మళ్లింపు ఉండవలసింది ఆ విషయం నిజంగా వేరే చోటికి మారినప్పుడే. ఉదాహరణకు 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. పాలకొండ అంతవరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. చిరునామాలో జిల్లా పేరు ఉన్న అప్లికేషన్‌లో పాలకొండ పేజీ శ్రీకాకుళం కింద నుండి పార్వతీపురం మన్యం కిందికి మారుతుంది. అలాంటప్పుడు పాత చిరునామా నుండి కొత్త చిరునామాకు 301 అనే శాశ్వత మళ్లింపు పెట్టాలి. మన వైపూ అంతే, 1992 అక్టోబరు 2 వరకు ఈ రాయగడ కొరాపుట్ జిల్లాలోనిదే. జిల్లాలు మళ్లీ మారవచ్చు. ఆ మాటకొస్తే చిరునామాలో జిల్లా పేరు పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. ఒక జాగ్రత్త, 301ను బ్రౌజర్లు గుర్తు పెట్టుకుంటాయి. తప్పు 301 ఒకసారి పంపితే దాన్ని వెనక్కి తీసుకోవడం కష్టం. ముందు 302తో పరీక్షించి, సరిగ్గా ఉందని తేలాక 301 చేయండి.

ఇక ఆ పేజీలో ఏం రాయాలి? తక్కువ రాయాలి. మీరు అడిగిన పేజీ ఈ చిరునామాలో లేదు, మా సైటు మాత్రం పనిచేస్తూనే ఉంది అన్న రెండు సంగతులు మొదట. ఆ రెండవ వాక్యం మా పేజీలో ఉండి ఉంటే, అది ఆ అమ్మాయి కళ్ల ముందుకు వచ్చి ఉంటే, నెట్ సెంటర్ ఆయన సైటు లేదమ్మా అనేవాడు కాదు. తరువాత దరఖాస్తుకు, రసీదుకు, ఫోను నంబరుకు దారులు. భాష మాటకు వస్తే, బ్రౌజరు పంపే భాషా సూచనను నమ్ముకోవద్దు, నెట్ సెంటర్ కంప్యూటర్లన్నీ ఇంగ్లీషే అని చెబుతాయి. ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో ఒకే పేజీ మీద ఒకదాని కింద ఒకటి రాసేయండి. మన జిల్లాలో కుయి, కువి మాట్లాడేవారున్నారు. వారికి ఫోను నంబరు పెద్ద అంకెల్లో కనబడాలి. పేజీని యూటీఎఫ్-8గా ప్రకటించండి, లేకుంటే ఆ వాక్యాలే పిచ్చి గుర్తులవుతాయి. డేటాబేసును ముట్టుకోకండి, పెద్ద బొమ్మలు పెట్టకండి. కొండ దారుల్లో నెట్టు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అయితే మరీ రెండు పంక్తులకు కుదించడమూ ఒకప్పుడు ఇబ్బందే అయ్యేది. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 512 బైట్లకు లోపున్న 404 పేజీని పక్కన పెట్టి తన సొంత పేజీ చూపించేది.

అలాగే మా సంఘటనలోలా అప్లికేషన్ బయటి చిరునామాలకు కూడా జవాబు ఉండాలి. ఏ అప్లికేషన్‌కూ చెందని చిరునామాలను అందుకునేందుకు రూట్ (ROOT, ఇక్కడ మాత్రం అన్నీ పెద్ద అక్షరాలే) అన్న పేరుతో ఒక చిన్న అప్లికేషన్ పెట్టి, అందులోనూ 404 పేజీ అమర్చండి. మేము ఆ సాయంత్రమే ఆ పని చేశాము, పాత చిరునామా నుండి కొత్తదానికి మళ్లింపు కూడా అందులోనే పెట్టాము. వార్ ఫైలు పేరులో వెర్షన్ అంకె రాకుండా బిల్డు మార్చాము. ఆ అమ్మాయి మర్నాడు మళ్లీ బస్సెక్కి వచ్చి దరఖాస్తు పెట్టుకుంది. రెండు రోజుల బస్సు ఖర్చు, రెండు రోజుల పని ఆ ఇంటికి పోయాయి.

చివరగా లాగ్. టామ్‌క్యాట్ మామూలుగా రాసే యాక్సెస్ లాగ్‌లో మనిషి ఏ పేజీ నుండి వచ్చాడన్నది ఉండదు. నమూనాను కంబైన్డ్ అని మారిస్తే ఉంటుంది. మార్చండి. అప్పుడు మీ 404లు మీతో మాట్లాడతాయి. మీ సైటు పేజీ నుండే వచ్చి ఉంటే మీ లింకు తప్పు, ఈ రోజే దిద్దండి. బయటి సైటు నుండి వచ్చి ఉంటే మళ్లింపు పెట్టండి. ఎక్కడి నుండీ రాకపోతే ఎవరో కాగితం చూసి కొట్టి ఉండవచ్చు, ఏ కాగితమో కనుక్కోండి. వర్డ్‌ప్రెస్ నడవడానికి కావలసిన పీహెచ్‌పీయే లేని మీ సర్వరు మీద వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ కోసం అడిగినవి యంత్రాల గాలింపులు, వాటిని లెక్క నుండి తీసేయండి. బ్రౌజరు ట్యాబు మీద కనిపించే గుర్తు, ఫేవ్ ఐకాన్ కోసం వచ్చేవి బ్రౌజరు తనంతట తాను అడిగినవి. చిన్న బొమ్మ ఒకటి పెట్టేస్తే అవి ఆగుతాయి.

వెనక వరుసలో తమ్ముడు ఏదో అడుగుతున్నాడు. పేజీలను బ్రౌజరులోనే తయారు చేసే రియాక్ట్‌తో చేసిన సైటులో లోపలి పేజీ మీద రీఫ్రెష్ కొడితే 404 వస్తోంది అంటున్నాడు. మంచి ప్రశ్న. ఆ చిరునామాలు బ్రౌజరులోని స్క్రిప్టుకు తెలుసు గాని సర్వరుకు తెలియవు. అందుకని ఎన్‌జిన్‌ఎక్స్‌లో ట్రై ఫైల్స్ అన్న ఆదేశం పెట్టి, దొరకనప్పుడు ఇండెక్స్ పేజీ ఇమ్మంటాము. అయితే అప్పటి నుండి సర్వరు అన్నిటికీ 200 చెబుతుంది, ఇందాక నేను తప్పన్న పనే. కాబట్టి స్క్రిప్టులు, స్టైళ్లు, బొమ్మలు ఉన్న ఫోల్డరుకు ఆ నియమం వర్తించకుండా చూడాలి, లేకపోతే స్క్రిప్టు అడిగిన బ్రౌజరుకు హెచ్‌టీఎంఎల్ అందుతుంది. సమాచారం అందించే ఏపీఐ మాత్రం దొరకనప్పుడు కచ్చితంగా 404 చెప్పాలి. నీ అమరిక ఫైలు చూస్తే తప్ప మిగతాది చెప్పలేను, తమ్ముడూ. సభ అయ్యాక లాప్‌టాప్ తీసుకొని ఇలా రా, ఇద్దరమూ కూర్చుని చూద్దాము.